చావు నీడా, కటిక చీకటా?

నంద్యాల, ఆళ్లగడ్డ వైపు పల్లెల్లో క్రైస్తవుల ఇళ్లలో ఎవరైనా పోతే సమాధి దగ్గర ఇరవై మూడో కీర్తన చదవడం మామూలు. అందులోని గాఢాంధకారపు లోయ చదువురాని ముసలమ్మలకు కూడా నోటికి వచ్చు. అదే తెలుగు బైబిల్లో యోబు గ్రంథం ఇరవై ఎనిమిదో అధ్యాయం తీయండి. గనుల్లోకి దిగేవాళ్ల ముచ్చట వచ్చే చోట ‘మరణాంధకారం’ అని ఉంటుంది. యెషయా తొమ్మిదో అధ్యాయంలోనైతే ‘మరణచ్ఛాయ’. హీబ్రూ మూలంలో చూస్తే ఈ మూడు చోట్లా ఉన్నది ఒకటే మాట, త్సల్మావెత్. పాత నిబంధనలో అది 18 సార్లు వస్తుంది, అందులో 10 ఒక్క యోబులోనే. అది చావు నీడా, చావు చీకటా, లేక చావుతో పనిలేని కటిక చీకటా? ఈ ఒక్క మాట వెంట పండితులు రెండు వేల ఏళ్లకు పైగా నడిచారు.

చిక్కంతా రాతలో ఉంది. పాత హీబ్రూలో హల్లులే రాసేవారు, అచ్చులను చదివేవాడే నోటితో కలుపుకోవాలి. మనం గుణింతాలన్నీ తీసేసి క, ల, మ అని మూడక్షరాలు రాస్తే అది కలమో, కాలమో, కులమో, కలిమో, కొలిమో తేల్చుకోవడం ఎంత కష్టమో ఆలోచించండి. త్సల్మావెత్‌కూ అదే గతి. కాగితం మీద ఉన్నవి త్స, ల, మ, వ, త. రెండు ముక్కలుగా విరిస్తే ‘త్సెల్’ అంటే నీడ, ‘మావెత్’ అంటే చావు. విరవకుండా ‘త్సల్మూత్’ అని ఒక్క గుక్కలో చదివితే అందులో చావూ ఉండదు, నీడా ఉండదు.

మొదట దారి ఎంచుకున్నది అలెగ్జాండ్రియా యూదులు. క్రీస్తుకు రెండు మూడు శతాబ్దాల ముందు, హీబ్రూ మరిచిపోతున్న తమ పిల్లల కోసం వాళ్లు లేఖనాలను గ్రీకులోకి తెచ్చారు. ఈ మాట దగ్గర ఆగి, విరిచి, ‘చావు నీడ’ అని రాశారు. విన్న చెవికి అది ఎంత బాగుందంటే ఆ తర్వాత దాన్ని కదిలించడం ఎవరి తరమూ కాలేదు.

కదిలించాలని చూసినవాళ్లలో జెరోము ఒకడు. యౌవనంలో సిరియా ఎడారిలో తపస్సు చేస్తూ, మనసును అదుపులో పెట్టుకోవడానికి క్రైస్తవంలోకి వచ్చిన ఒక యూదుడి దగ్గర హీబ్రూ అక్షరాలు దిద్దాడు. గొప్ప లాటిన్ వక్తల రుచి మరిగిన నాలుకకు ఆ బుసకొట్టే, ఆయాసపెట్టే మాటలు కొరుకుడు పడలేదు. ఎన్నోసార్లు వదిలేశాడు, మళ్లీ పట్టుకున్నాడు. 386 ప్రాంతంలో బేత్లెహేముకు చేరాక బరనినా అనే యూదు గురువును కుదుర్చుకున్నాడు. క్రైస్తవ సన్యాసికి పాఠం చెబుతున్నాడని తెలిస్తే తనవాళ్లు ఊరుకోరన్న భయంతో ఆ గురువు రాత్రివేళ వచ్చేవాడు. అంత కష్టపడి నేర్చుకున్న భాషతో జెరోము కీర్తనలను నేరుగా హీబ్రూ నుంచి లాటిన్‌లోకి తెచ్చాడు. ఈ చోట ‘చావు లోయ’ అని రాశాడు. నీడను తీసేశాడు కానీ చావును ఉంచాడు! పోనీ ఆ కొత్త పాఠమైనా జనంలోకి వెళ్లిందా అంటే అదీ లేదు. చర్చీల్లో గ్రీకు నుంచి వచ్చిన పాత కీర్తనే పాడుతూ వచ్చారు.

తర్వాత కొన్ని వందల ఏళ్లకు గలిలయ సరస్సు ఒడ్డున తిబెరియలో కొందరు లేఖకులు మరో మహాకార్యం తలపెట్టారు. తరతరాలుగా నోటిమాటగా వస్తున్న ఉచ్చారణ చెడిపోకుండా, హల్లుల కిందా పైనా చిన్న చుక్కలు, గీతలు పెట్టి అచ్చులను కట్టేశారు. పవిత్ర గ్రంథంలోని ఒక్క హల్లునైనా చెరపకుండా చేసిన పని అది. వాళ్లు ఈ మాటకు పెట్టిన చుక్కలు ‘త్సల్మావెత్’ అని చదివించాయి. చావు ఇప్పుడు రాతలోనే స్థిరపడింది. ఇక కథ ముగిసిందనే అనుకోవాలి.

ముగియలేదు. పదో శతాబ్దంలో దునాష్ బెన్ లబ్రాత్ అనే కుర్రవాడు మొరాకోలోని ఫెజ్‌లో పుట్టి, బాగ్దాదులో సాదియా గావోన్ దగ్గర చదువుకుని, స్పెయిన్‌లోని కొర్దోబాకు చేరాడు. కవి. అరబ్బీ ఛందస్సును హీబ్రూ కవిత్వంలోకి తెచ్చిందీ ఇతనే. అప్పటికే ఆ ఊళ్లో మెనహేం బెన్ సరూక్ అనే పెద్ద పండితుడు హీబ్రూ నిఘంటువు ఒకటి చేసి పెట్టాడు. పవిత్ర భాషను అరబ్బీతో పోల్చి అర్థాలు తీయడం మెనహేంకు గిట్టదు. పోల్చకపోతే అర్థాలు ఎలా తేలుతాయంటాడు దునాష్. ఇద్దరి మధ్యా రాజుకున్న వాదం శిష్యుల కాలం దాకా ఆరలేదు. ఆ గొడవల దునాష్ త్సల్మావెత్‌కు చెప్పిన అర్థం ఎలాగో ఫ్రాన్సులోని ట్రోయ్ పట్టణానికి చేరింది. అక్కడ రాషీ, 1040 నుంచి 1105 దాకా జీవించిన మహా వ్యాఖ్యాత, ఇరవై మూడో కీర్తన దగ్గర తన మామూలు పొదుపుతో రాసిపెట్టాడు: ఈ మాట ఎక్కడ వచ్చినా చీకటి అనే అర్థం, దునాష్ దీన్ని విప్పిచెప్పాడు. అంతే. చావు ఊసే లేదు.

అరబ్బీ తెలిసిన చెవికి ఇక్కడ ఒక మాట తట్టక మానదు. ‘జుల్మత్’ అంటే చీకటి. అవే మూడు హల్లులతో ఉన్న ‘జుల్మ్’ అంటే అన్యాయం, దౌర్జన్యం. రాయలసీమలో మనం రోజూ వాడుకునే ‘జులుం’ అదే.

దునాష్ పక్షానికి బలమైన సాక్ష్యం బైబిల్లోనే ఉంది. దేవుడు త్సల్మావెత్‌ను ఉదయంగా మారుస్తాడంటాడు ఆమోసు ప్రవక్త. ఉదయానికి ఎదురు నిలిచేది రాత్రి చీకటే కదా, చావెందుకవుతుంది? యోబు ఇరవై నాలుగో అధ్యాయంలో దొంగలకు తెల్లవారడమే త్సల్మావెత్‌లా ఉంటుందట. ఇక ఇరవై ఎనిమిదో అధ్యాయమైతే చెప్పనక్కరలేదు. అక్కడ మనిషి భూమి కడుపులోకి దిగి, చీకటికి హద్దు గీసి, త్సల్మావెత్‌లో దాగిన రాయిని వెతుకుతాడు. చావడానికి దిగలేదతను, కూలి చేసుకోవడానికి దిగాడు. నాపరాయి తవ్వి బతికే కొలిమిగుండ్ల, బేతంచెర్ల వైపు జనానికి ఈ అధ్యాయం వ్యాఖ్యానం లేకుండానే అర్థమవుతుంది.

ఐరోపాలో అచ్చు యంత్రాలు వచ్చాక మాట రెండు దారులు పట్టింది. లూథర్ జర్మన్‌లో ‘చీకటి లోయ’ అన్నాడు. 1611 నాటి ఇంగ్లీషు బైబిలు అలెగ్జాండ్రియా వారి ‘చావు నీడ’నే పట్టుకుంది, ప్రపంచమంతా దాన్ని మోసుకెళ్లింది.

మన ఒడ్డుకు ఈ గ్రంథం చేరడమే ఒక కష్టాల కథ. బెంజమిన్ షుల్జ్ అనే జర్మన్ మిషనరీ మద్రాసులో కూర్చుని 1732 నాటికి బైబిలంతా తెలుగు చేశాడు, కానీ అది అచ్చు మొహం చూడలేదు. 1805లో జార్జ్ క్రాన్, ఆగస్టస్ డెగ్రాంజెస్ అనే మిషనరీలు విశాఖపట్నం వచ్చారు. ఆనందరాయరు అనే తెలుగు బ్రాహ్మణుడు, కొత్తగా క్రైస్తవంలోకి వచ్చినవాడు, వాళ్లకు తోడయ్యాడు. 1809లో క్రాన్, మరుసటి ఏడే డెగ్రాంజెస్ చనిపోయారు. వాళ్లు చేసిన సువార్తలు బెంగాల్లోని సెరాంపూరుకు అచ్చుకు వెళ్లిన రోజుల్లోనే, 1812 మార్చి 11 రాత్రి అక్కడి ప్రెస్సు కాలిపోయింది. అనేక భాషల అచ్చక్షరాలు కరిగి ముద్దయ్యాయి. అక్కడి మిషనరీ విలియం కేరీ రాసుకున్న తెలుగు వ్యాకరణం చేతిప్రతి బూడిదైంది. కేరీ మళ్లీ మొదటి నుంచి రాసి 1814లో దాన్ని అచ్చు వేయించాడు. సువార్తలు మాత్రం ప్రెస్సు కాలిన ఏడే, 1812లోనే, బయటికి వచ్చాయి. తర్వాత విశాఖలో జాన్ హే, వార్డ్‌లా వంటివాళ్లు తెలుగు పాఠాన్ని దశాబ్దాల పాటు దిద్దుతూ పోయారు. పక్కన ఏ పండితులు కూర్చుని ఏ మాట అందించారో పేరుపేరునా నమోదు చేసినవాళ్లు తక్కువ. ఆనందరాయరు పేరైనా మిగలడం అదృష్టమే.

తమిళంలో మాత్రం ఒక సహాయకుడు అసలు పనివాడికన్నా ప్రసిద్ధుడయ్యాడు. యాళ్పాణంలో (జాఫ్నాలో) పీటర్ పెర్సివల్ అనే మిషనరీకి బైబిలు తర్జుమాలో చేయి కలిపింది ఆరుముగ నావలర్, పరమ శైవుడు. ఆ తమిళం మీద మద్రాసు కమిటీ పెదవి విరిస్తే, దాన్ని సమర్థించడానికి పెర్సివల్‌తో పాటు ఆయనా సముద్రం దాటి మద్రాసు వచ్చాడు. 1850లో అది అచ్చయింది. పెర్సివల్ తర్వాత మద్రాసులో స్థిరపడి, 1862లో తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు కూడా వేశాడు. ఈ పెర్సివల్‌ను గుర్తుంచుకోండి, మళ్లీ వస్తాడు.

ఇంతలో లండన్‌లో ఒక వింత పోటీ జరిగింది. ఇరాక్ మట్టిలోంచి బయటపడిన మేకుల్లాంటి రాతను నిజంగా చదవగలుగుతున్నారా, ఊహించి చెబుతున్నారా అని అనుమానం. 1857లో రాయల్ ఏషియాటిక్ సొసైటీ ఒకే శాసనాన్ని రాలిన్సన్, హింక్స్, టాల్బట్, ఒప్పెర్ట్ అనే నలుగురి చేత విడివిడిగా చదివించి, సీలు వేసిన కవర్లలో తెప్పించుకుంది. విప్పి చూస్తే నాలుగూ సారంలో ఒకటే! అలా మూడు వేల ఏళ్ల నాటి అక్కాదీ భాష నోరు విప్పింది. అందులో ‘సలాము’ అంటే నల్లబడడం, చీకటిపడడం. దునాష్‌కు అరబ్బీ ఒక్కటే తోడు, ఇప్పుడు హీబ్రూకు పెద్దక్కలాంటి భాష కూడా అటువైపే నిలబడింది. పందొమ్మిదో శతాబ్దం ముగిసేసరికి చీకటి పక్షానిదే పైచేయి అయింది.

ఆ రోజుల్లోనే, 1884లో, మద్రాసు నుంచి వచ్చిన రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే భూగర్భ శాస్త్రవేత్త మన కొలిమిగుండ్ల దగ్గరి బెలుం గుహల సంగతి శాస్త్రలోకానికి చెప్పాడు. పల్లావరంలో 1863లో రాతియుగపు పనిముట్టు కనిపెట్టి దేశ చరిత్రను వెనక్కి జరిపిన ఫుట్ ఇతనే. పెర్సివల్ అల్లుడు కూడా ఇతనే! త్సల్మావెత్‌ను తమిళం చేయించిన మామ, రాతి కింద దాగిన చీకటిని చూసొచ్చి నమోదు చేసిన అల్లుడు. ఇద్దరూ ఎప్పుడైనా ఈ మాట గురించి మాట్లాడుకున్నారో లేదో కానీ, యోబు ఇరవై ఎనిమిదికి ఇంతకన్నా తగిన కుటుంబం నాకు కనబడదు.

బెలుం దగ్గర పొలాల మధ్య బావి నోళ్లలా గుంటలు ఉంటాయి. నడిమి గుంటలోంచి మెట్లు దిగి పది అడుగులు వేస్తే నల్లని సున్నపురాయి గోడలు రెండు పక్కలా దగ్గరికొస్తాయి. నీళ్లు లక్షల ఏళ్లు ఒరుసుకుపోయి నున్నగా చేసిన గోడలవి, అరచేయి పెడితే తడి తగులుతుంది. గాలి ఆడక చొక్కా వీపుకు అంటుకుంటుంది. అన్నిటికన్నా లోతైన పాతాళగంగ నేలకు 46 మీటర్ల కింద ఉంది. ఇవాళ పసుపుపచ్చ లైట్లు ఉన్నాయి కాబట్టి సరిపోయింది. ఫుట్ చూసిపోయాక సుమారు నూరేళ్లు ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 1982లో మొదలుపెట్టి డేనియల్ గెబౌర్ బృందం జర్మనీ నుంచి వచ్చి కొలతలు తీసింది. 3,229 మీటర్ల పొడవు తేలింది. 2002లో పర్యాటకులకు తెరిచారు.

పండితుల లోకంలో మాత్రం కథ మళ్లీ మలుపు తిరిగింది. 1962లో కేంబ్రిడ్జిలో విన్‌టన్ థామస్, ఆ తర్వాత పన్నెండేళ్లకు జేమ్స్ బార్, మాటను విరవడంలో తప్పేమీ లేదన్నారు. అయితే థామస్ చెప్పింది గమ్మత్తైన సంగతి. హీబ్రూలో చావు అనే మాట అప్పుడప్పుడు చావును చెప్పదు, అతిశయాన్ని చెబుతుంది. యోనాకు వచ్చింది చచ్చేంత కోపం, సమ్సోను ప్రాణం విసిగింది చచ్చేంత విసుగు. అలాగే చావు నీడ అంటే మహా చిక్కని నీడ. చచ్చేంత ఆకలి, చావుదెబ్బ, చావబాదడం అనే మనకు ఇందులో వివరించాల్సింది ఏముంది! 1996లో హయీం కోహెన్ అక్కాదీ సాక్ష్యాలతో మళ్లీ చీకటి పక్షం వాదించాడు. రెండు దారులూ చివరికి చేరేది ఆ కటిక చీకటికే.

ఇంగ్లీషు చదువరుల్లో బాగా నలిగిన ‘న్యూ ఇంటర్నేషనల్’ బైబిలు 1984 ప్రతిలో ఇరవై మూడో కీర్తన దగ్గర ‘చావు నీడ’ అనే ఉంది, 2011లో దాన్ని ‘అతి చీకటి లోయ’గా మార్చుకున్నారు. మన పాత తర్జుమా ఆ కీర్తనలో ఎన్నో దశాబ్దాల ముందే గాఢాంధకారం అనేసింది. తమిళులు ఈనాటికీ ‘మరణ ఇరుళ్’, అంటే చావు చీకటి, అని రెంటికీ న్యాయం చేస్తారు.

మరి యెషయాలో మరణచ్ఛాయ ఎందుకు మిగిలింది? అజాగ్రత్త అని నేననుకోను. ఆ వచనాన్నే మత్తయి సువార్త నాలుగో అధ్యాయంలో గ్రీకులో ఉటంకిస్తుంది, అక్కడ ఉన్నది అలెగ్జాండ్రియా వారి చావు నీడే. గ్రీకు మూలంలో అలా ఉన్నప్పుడు తెలుగు చేసేవాడు దాన్ని కాదనలేడు. కొత్త నిబంధనలో మరణచ్ఛాయ అని రాశాక, అదే వచనం పాత నిబంధనలో వేరేగా వినబడితే చదివేవాళ్లు తికమక పడతారని తూచి ఉంటారు. క్రిస్మస్ రోజుల్లో నంద్యాల చర్చీల్లో యెషయా తొమ్మిది చదువుతున్నప్పుడు వినిపించేది ఆ అలెగ్జాండ్రియా పాఠమే.