పాత పుస్తకమూ, పాత కంప్యూటరూ

కంప్యూటరు ప్రోగ్రాము సాహిత్యమా? నాబోటి తెలుగు పండితుణ్ణి అడిగితే నవ్వి ఊరుకుంటాడు. చట్టం మాత్రం అవుననే అంటుంది. 1957 నాటి మన కాపీరైటు చట్టానికి 1984లో చేసిన సవరణతో ‘సాహిత్య రచన’ అన్న నిర్వచనంలోనికి కంప్యూటరు ప్రోగ్రాములు కూడా చేరాయి. అమెరికావారు 1980లోనే ప్రోగ్రాములకు తమ కాపీరైటు చట్టంలో చోటిచ్చారు. కనుక చట్టం దృష్టిలో ప్రబంధమూ, విండోసూ ఒకే పంక్తిలో కూర్చున్న అతిథులు. కావ్యలక్షణం చెప్పిన మమ్మటుడు వింటే ఏమనేవాడో!

పంక్తి ఒకటే అయినా వడ్డనలో తేడా ఉంది. ఆదివారంనాడు ఆబిడ్స్ కాలిబాట మీద ఒక పాత నవల కొన్నాననుకోండి. మొదటి యజమాని ఎవరో, ఎంతకు కొన్నాడో నాకు పనిలేదు. చదువుకోవచ్చు, దానమివ్వవచ్చు, మళ్ళీ అమ్ముకోవచ్చు. అదే ఒక పాత కంప్యూటరు కొంటే ఇనుము నాదవుతుంది. దానికి ప్రాణం పోసే ఆపరేటింగ్ సిస్టం (మన మిత్రులు కొందరు నిర్వాహక వ్యవస్థ అంటున్నది) నాదవునో కాదో దాని లైసెన్సును బట్టి తేలాలి. ఈ భేదం ఎలా పుట్టిందో తెలుసుకోవాలని కొంతకాలంగా తవ్వుతున్నాను.

పుస్తకం సంగతిని 1908లో అమెరికా సుప్రీంకోర్టు తేల్చింది. బాబ్స్-మెరిల్ అనే ప్రచురణ సంస్థ ‘ది కాస్టవే’ అనే నవలలో, ఒక డాలరుకు తక్కువగా అమ్మితే కాపీరైటును ఉల్లంఘించినట్లేనని అచ్చువేసింది. న్యూయార్కులోని మేసీస్ దుకాణంవారు దానిని 89 సెంట్లకే అమ్మారు. కోర్టు దుకాణం పక్షాన నిలిచింది. ఒకసారి అమ్మిన ప్రతి మీద ప్రచురణకర్త పెత్తనం అంతటితో సరి అన్నది ఆ తీర్పు సారం.

ప్రోగ్రాములకు తొలినాళ్ళలో విడిగా వెలే లేదు. కల్యాణమండపంతో పాటు వంటపాత్రలు ఇచ్చినట్లు, యంత్రంతో పాటే వచ్చేవి. వాటికి వేరుగా వెలకడతామని ఐ.బి.ఎం. సంస్థ 1969 జూన్‌లో ప్రకటించింది. 1976 ఫిబ్రవరిలో ఇరవయ్యేళ్ళ బిల్ గేట్స్ ఔత్సాహికులకు ఒక బహిరంగ లేఖ వ్రాశాడు. ఆల్టెయిర్ యంత్రాలు కొన్నవారిలో నూటికి పదిమంది కూడా తమ బేసిక్ ప్రోగ్రామును కొనలేదనీ, తక్కినవారు చేసినది దొంగతనమేననీ ఆయన నిష్ఠూరం. అందులో న్యాయం లేకపోలేదు. గైడు పుస్తకం ఒకటి కొని తరగతి అంతా జెరాక్సు తీయించుకుంటే ఆ రచయిత ఏం తిని బ్రతకాలి?

అయితే అమ్మడం వేరు, అనుమతి ఇవ్వడం వేరు. భూమికి పట్టా ఉంది, కౌలూ ఉంది. సాఫ్ట్‌వేరు సంస్థలు రెండవ దారి పట్టాయి. 1981లో ఐ.బి.ఎం. పీసీకి డాస్‌ను సమకూర్చిన మైక్రోసాఫ్ట్, దానిని ఇతర తయారీదారులకు కూడా ఇచ్చుకునే హక్కును తనవద్దే ఉంచుకున్నది. తరువాతి కాలంలో కొందరు తయారీదారులతో చేసుకున్న ఒప్పందాలు మరీ చిత్రమైనవి. పెట్టెలో డాస్ ఉన్నా లేకున్నా, బయటికి పంపిన ప్రతి యంత్రానికీ రుసుము కట్టవలసిందే. అది అచ్చంగా తలపన్ను. 1994లో అమెరికా ప్రభుత్వంతో కుదిరిన రాజీతో ఈ పద్ధతి ఆగింది.

కొత్త యంత్రంలో ముందే వేసి వచ్చే విండోస్ లైసెన్సును ‘ఓ.ఇ.ఎం.’ అంటారు. ఇది పొలంలోని బావి వంటిది. పొలం అమ్మితే బావి కూడా కొన్నవాడిదే. కానీ బావిని పెకలించి మరో పొలానికి తీసుకుపోలేము. డబ్బాలో విడిగా కొన్న ప్రతికి మాత్రం యంత్రం మారే వీలుంది. మూడవది కార్యాలయాలు టోకున తీసుకునే లైసెన్సు. అది సంస్థదే గాని యంత్రానిది కాదు. పాత కంప్యూటరు కొనేవారికి చిక్కంతా ఇక్కడే. బజారుకు వచ్చే పాత యంత్రాలలో చాలాభాగం కార్యాలయాలు వదిలించుకున్నవి. తెర మీద కళకళలాడుతున్న విండోస్ ఆ సంస్థ టోకు లైసెన్సుదైతే అది మనకు సంక్రమించదు. “విండోస్ వేసే ఇస్తున్నాం సార్” అన్నమాట లైసెన్సు కాజాలదు. విండోస్ 8 (2012)కు ముందరి యంత్రాలకైతే పెట్టె మీద ప్రామాణికతను తెలిపే చీటీ ఉందో లేదో, అది ఏ విండోస్‌దో చూసుకోవాలి. ఆ తరువాతి యంత్రాలలో ఓ.ఇ.ఎం. తాళంచెవి సంఖ్యను సాధారణంగా మదర్‌బోర్డులోనే నిక్షేపించారు.

ఈ విషయంలో న్యాయస్థానాలకే ఏకాభిప్రాయం లేదు. ఓ.ఇ.ఎం. ప్రతిని యంత్రం నుంచి విడదీసి అమ్మవచ్చునని జర్మనీ ఉన్నత న్యాయస్థానం 2000లో అన్నది. పాత ఆటోక్యాడ్ ప్రతులను అమ్మిన ఒక వ్యక్తి కేసులో, అది లైసెన్సే గాని అమ్మకం కాదని 2010లో అమెరికా అప్పీలు కోర్టు చెప్పింది. 2012లో ఐరోపా న్యాయస్థానం, కాలపరిమితి లేకుండా డబ్బు తీసుకుని ఇచ్చాక అది అమ్మకమేనన్నది. నా మనసు ఐరోపావారి వైపే మొగ్గుతున్నది.

అదే కాపీరైటును తిరగవేసి వాడుకున్నవాడు రిచర్డ్ స్టాల్‌మన్. 1983లో గ్నూ ప్రణాళికను ప్రకటించి, 1989లో జీపీఎల్ అనే లైసెన్సును వెలువరించాడు. ఎన్ని ప్రతులైనా తీసుకో, పంచుకో, అమ్ముకో, దిద్దుకో. ఇతరులకు ఇచ్చేటప్పుడు మూలాన్నీ, ఇవే హక్కులనూ వారికీ ఇవ్వు. ఇదీ దాని తాత్పర్యం. లైనస్ టోర్వాల్డ్స్ 1991లో లినక్సును విడుదల చేసినపుడు పెట్టిన షరతు వేరు: దానికి డబ్బు పుచ్చుకోరాదు. 1992లో ఆయన జీపీఎల్‌కు మారాడు. ఇక తాళపత్రాల కాలం తిరిగి వచ్చినట్లే. లేఖకుడు ప్రతి వ్రాసుకున్నాడు, దిద్దాడు, మరొకరికి ఇచ్చాడు. డెబియన్, ఉబుంటు, మింట్ అన్నవి నా కంటికి ఒకే గ్రంథపు పాఠాంతరాలుగా కనిపిస్తాయి. 2011 వరకూ ఉబుంటువారు అడిగినవారికల్లా సీడీలు ఉచితంగా తపాలాలో పంపేవారు. ఆ కవరు అందుకున్న మిత్రులు మనలో ఉండే ఉంటారు.

తెలుగువారికి ఈ లైసెన్సు గొడవ అక్షరాల దగ్గరే తగిలింది. విండోస్ ఎక్స్‌పీ (2001)లో గౌతమి ఖతి ఉన్నది. కాని ఒత్తులూ గుణింతాలూ సరిగ్గా కుదరాలంటే సంక్లిష్ట లిపుల దస్త్రాలను విడిగా ఎక్కించాలి. అప్పుడది సీడీ అడిగేది. సెకండుహ్యాండు యంత్రంతో సీడీ ఎవరిస్తారు? దొంగ సీడీ తెచ్చుకోవడమో, ‘క్ష’ను ముక్కలుగా చదువుకోవడమో జరిగేది. విస్టా (2007)తో ఆ బాధ తప్పింది. హైదరాబాదులోని స్వేచ్ఛ సంస్థవారు తెలుగు మాటలతోనే ఒక లినక్సును తయారుచేసి పంచారు.

2025 అక్టోబరు 14న విండోస్ 10కు సాధారణ మద్దతు ముగిసింది. టి.పి.ఎం. 2.0 అనే భద్రతా ఏర్పాటు లేని యంత్రాలను విండోస్ 11 అధికారికంగా అంగీకరించదు. అంటే నిక్షేపంగా పనిచేస్తూ, సరైన లైసెన్సు కూడా ఉన్న యంత్రాలు వృద్ధాశ్రమం బాట పట్టాయి. పట్టా ఉన్నా బావి ఎండిపోయినట్లు! అటువంటి దానికి నేను మింట్ లినక్సు, అందులోనూ ఎక్స్ఎఫ్‌సీఈ అనే తేలికపాటి పాఠాంతరం సూచిస్తాను. 2 జీబీ మెమరీ ఉంటే నడుస్తుంది, 4 ఉంటే సుఖం. ముందుగా పెన్‌డ్రైవు మీదనే నడిపి, వైఫై, ప్రింటరు, ఇన్‌స్క్రిప్టు కీబోర్డు పలుకుతున్నాయో లేదో చూసుకుని, ఆ తరువాతనే డిస్కు మీదకు ఎక్కించండి.

ఒక్క మినహాయింపు. అను ఖతులతో, పేజ్‌మేకరుతో పుస్తకాలు కూర్చిన డీటీపీవారికి ఈ సలహా పనికిరాదు. ఆ దస్త్రాలు విండోస్‌ను విడిచి రావు. వారు సరైన చీటీ ఉన్న యంత్రాన్నే వెతుక్కుని, దానికి ఇంటర్నెట్టు తగిలించకుండా ఆ పనికే ఉంచుకోవడం మేలు. ఆ పుస్తకాలను యూనికోడులోకి మార్చి పెట్టుకునే పని కూడా ఆ యంత్రం నడుస్తుండగానే మొదలుపెట్టాలి.