బరంపురపు బజారు వీధులు - పురపాలక సభ

బరంపురములో పుట్టి పెరిగిన తెలుగువారికి పెద్ద బజారును గూర్చి చెప్పబూనుట తాతకు దగ్గులు నేర్పుటయే యగును. పట్టుచీరల అంగళ్లును, బంగారపు కొట్లును, సందెవేళ కాలుపెట్ట వీలులేని ఆ ఇరుకును అందఱెఱిగినవే. ఇట్టి బజారు వీధులను వెడల్పు చేయవలెననియు, కాలువలు కప్పవలెననియు, వీధివర్తకులను వేఱొకచోటికి పంపవలెననియు మా చిన్ననాటనుండి వినుచునే యున్నాము. అయితే అట్టి పథకము వచ్చినప్పుడు దానిని నిలిపి "ఇది ఏల? ఎంత ఖర్చు? ఎవరికి నష్టము?" అని అడుగు హక్కు ఎవరిది? అది ఎట్లు వచ్చినది? మన కుటుంబములకు అది ఎంతవఱకు అక్కఱకు వచ్చుచున్నది? ఈ సంగతి మన సంచికలలో అంతగా కానరాదు. మేము మెట్రిక్యులేషనుకు మించి చదివినవారము కాము. జీవితమంతయు ఫైళ్ల నడుమ గడపినవారము. కావున దీనిని పండితుని వ్యాసముగా గాక గుమాస్తా చెప్పిన చరిత్రగా పాఠకులు స్వీకరింప ప్రార్థన.

మన జిల్లా అప్పుడు మద్రాసు రాజధానిలోనిది. 1865లో ఆ ప్రభుత్వము పట్టణముల బాగునకై యొక చట్టము చేయగా, దాని ననుసరించి 1867లో బరంపురమునకు పురపాలక సంఘము ఏర్పడెను. పేరు సంఘమేగాని పెత్తనము కలెక్టరుగారిది. సభ్యులు సర్కారు నియమించినవారు. వారికి దొరగారి ప్లానును ప్రశ్నించుట యను ఊహ యుండునా? 1871 నాటి చట్టములో ఎన్నికకు కొంత చోటు చూపిరి. 1882లో రిప్పన్ ప్రభువు స్థానిక స్వపరిపాలనను గూర్చి తీర్మానము వెలువరించెను. తరువాత 1884లో వచ్చిన మద్రాసు జిల్లా మునిసిపాలిటీల చట్టము వలన సభ్యులలో నాల్గింట మూడువంతుల వఱకు పన్ను చెల్లించువారే ఎన్నుకొనుటకు వీలు కలిగెను. పన్ను కట్టగలవారికి మాత్రమే ఓటు. అంగడి యజమానికి గొంతు వచ్చినది, అంగడి ముందు గంప పెట్టుకొని కూర్చున్న స్త్రీకి రాలేదు. ఆ తేడా నేటికిని పూర్తిగా పోలేదని మా అభిప్రాయము.

వీధుల విషయములో అసలైన మలుపు 1920లో వచ్చినది. ఆ యేట మద్రాసు శాసనసభ రెండు చట్టములు చేసినది: ఐదవది జిల్లా మునిసిపాలిటీలను గూర్చియు, ఏడవది పట్టణ నిర్మాణమును గూర్చియు. ఈ రెండవదాని వలన పథకమును ముందుగా ప్రకటింపవలెను, ఆక్షేపణలు వినవలెను, నష్టపోయినవారికి పరిహారమీయవలెను. పథకము వలన స్థలము విలువ పెరిగినయెడల ఆ పెరుగుదలలో కొంత భాగము యజమాని సంఘమునకు చెల్లింపవలెను. ఈ చివరి మాట విని నాటి అంగడివారు ఎట్లు ఉలిక్కిపడియుందురో ఊహించుకొనవచ్చును!

ఈ చట్టమునకు అయిదారేండ్ల ముందే ప్యాట్రిక్ గెడ్డెస్ అను స్కాట్లండు పండితుడు నగర ప్రదర్శనముతో మద్రాసుకు వచ్చి, 1914-15లలో ఈ రాజధాని పట్టణములు కొన్నిటిని నడచి చూచి నివేదికలు వ్రాసెను. ఆయన పద్ధతి చిత్రమైనది. ఇంజనీరు కాగితముపై రూళ్లకఱ్ఱ పెట్టి తిన్నని గీత గీయును. గెడ్డెసు వీధిలో నడచి, ఏ గోడ కూలినది, ఏ చెట్టు నీడనిచ్చుచున్నది, ఏ అరుగు మీద జనులు కూర్చుందురు అని చూచి, పనికిరానిదానిని మాత్రమే తీసివేయుమనును. తంజావూరు కోటలో ఆయన చెప్పిన మార్గము పురపాలకుల ప్లానుకంటె ఎంతో చౌక. వైద్యుడు వేలు వాచినదని చేయి నరుకునా?

ఎదుటి వాదమును దాచుట న్యాయము కాదు. 1908 మూసీ వఱద తరువాత హైదరాబాదులో 1912లో ఏర్పడిన నగరాభివృద్ధి మండలి పత్తర్‌గట్టిని రాతి కమానులతో నిర్మించినది. అది నేటికిని అందమైన బజారే. అక్కడ ఎన్నికైన సభ యొకటి కూర్చుండి చర్చించి చేసిన పని కాదది, ప్రభువు ఆజ్ఞ. "చర్చలతో కాలము వృథా, ఆజ్ఞ యుండిన పని యగును" అనువారు ఇట్టివానిని చూపుదురు. నిజమే. కాని బజారు లేచిన పిమ్మట కమానులు కనబడును, లేచిపోయినవారు కనబడరు.

1936 ఏప్రిల్ 1వ తేదీన ఒరిస్సా రాష్ట్రమేర్పడి, బరంపురము అందులో చేరెను. చట్టములు వెంటనే మారలేదు. 1950లో ఒరిస్సా మునిసిపల్ చట్టము వచ్చువఱకు మద్రాసు చట్టములే నడచినవి. మారినది భాష. ఇక్కడ ఒక మాట నిష్పక్షపాతముగా చెప్పవలెను. అంతకుముందు దశాబ్దములలో ఒడియా సోదరుల మొఱ యేమి? కచేరీలో తమ భాషకు తగిన చోటు లేదనియు, కాగితము తమకు తెలియని భాషలో వచ్చుచున్నదనియు గదా! అది న్యాయమైన మొఱ. 1954లో ఒడియా అధికార భాష అయినది. ఆనాడు వారు పడిన బాధయే నేడు మన ముసలివారు పడుచున్నారు. మన పెద్దలలో అనేకులు ఒడియా గలగల మాటలాడుదురు. చదువమన్న కండ్లద్దములు వెదకుదురు, అద్దములు చేతిలోనే యుండును.

దీనివలన ఏమగునో మేము స్వయముగా చూచితిమి. చాల యేండ్ల క్రిందట మేము ఒక కార్యాలయములో గుమాస్తాగా నుండగా ఒక బజారు వీధిని వెడల్పు చేయు పథకము వచ్చినది. ఆక్షేపణలకు గడువు తేదీతో నోటీసును మా చేతులతోనే టైపు చేసితిమి. దానిని కచేరీ లోపలి పలకపై, తలుపు తెఱచినప్పుడు తలుపు వెనుకకు పోవుచోట, అంటించిరి. చట్టప్రకారము ప్రకటించినట్లే. ఆ వీధిలో ఇత్తడి సామాను అమ్ము ముసలమ్మ యొకతె నిత్యము మాకు ఎదురుపడి "ఏం నాయనా, అంతా కులాసాయేనా?" అని పలుకరించెడిది. ఆమెకు ఒడియా లిపి రాదని మాకు తెలియును. "అమ్మా, ఇట్టి కాగితమొకటి వచ్చినది, ఈ తేదీలోపల అర్జీ యిమ్ము" అని ఒక్కమాట చెప్పియుండవచ్చును. ఉద్యోగమునకు ఏమి ముప్పు వచ్చునో యని చెప్పలేదు. సభలో ఆ విషయము ఎజెండా చివర వచ్చినది. సభ్యులు భోజనమునకు లేచుచు "ఆమోదము" అనిరి. ఆక్షేపణలు ఏవియు రాలేదని ఫైలులో వ్రాసినదియు మేమే. కొన్ని నెలలకు ఆమె అంగడి ముందుభాగము పోయినది. "నీకు ముందే తెలియునా నాయనా?" అని ఆమె అడుగలేదు. అడిగియుండిన బాగుండెడిది.

వీధి యనగా రాకపోకల దారి మాత్రమే కాదని బరంపురమునకు వేఱుగా చెప్పనక్కఱలేదు. రెండేండ్లకొకమారు చైత్రములో బూఢీ ఠాకురాణి పుట్టింటికి వచ్చును. ఆ పుట్టిల్లు దేశిబెహరా సాహిలో, నడివీధిలో వేసిన తాత్కాలిక మందిరము. దేవాంగుల పెద్దయైన దేశిబెహరా ఆ యుత్సవమునకు ముఖ్యుడు. ఏ ఇంజనీరు ప్లానులోనైనను అమ్మవారి పుట్టిల్లు గీతగా కనబడునా? ఇట్టిది చెప్పుటకే వార్డు సభ్యుడు కావలెను.

కాని సభ్యుడే లేని కాలమును మనము చూచితిమి. 1993 జూన్ నుండి అమలులోనికి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ ప్రకారము సభ కాలము తీరకముందే ఎన్నిక జరుగవలెను. మన పట్టణము 2008 డిసెంబరులో నగరపాలక సంస్థ యయ్యెను. సభ గడువు 2018లో ముగియగా, తరువాతి ఎన్నిక 2022 మార్చిలోగాని జరుగలేదు. ఆ నడుమ అధికారులే సర్వము నడపిరి. వారిలో సమర్థులు లేరని మేమనము. అయితే అధికారిని వీధిలో నిలిపి అడుగుటకు వీలులేదు. సభ్యుని పెండ్లిలోనైనను పట్టుకొనవచ్చును. మన పొరుగున పూరీలో 2019లో ఆలయ ప్రాకారము చుట్టు 75 మీటర్ల లోపలి పురాతన మఠములను తొలగించుట ఎంత త్వరగా జరిగినదో పత్రికలు చదివినవారెఱుగుదురు. 2024 జనవరిలో ప్రారంభమైన ఆ పరిక్రమ మార్గము విశాలముగా నున్నదని యాత్రికులందురు. ఆ మాట ఎట్లున్నను, ఇటుక కదలిన పిదప ప్రశ్నకు విలువ లేదు.

ఇప్పటి చట్టములు మా గుమాస్తా దినములనాటి వానికంటె మెఱుగు. 2014 నాటి వీధివర్తకుల చట్టము ప్రకారము లెక్క తీయకుండ ఎవరిని లేపరాదు. లేపవలసివచ్చిన ముప్పది దినముల నోటీసు ఈయవలెను. పట్టణ కమిటీలో నూటికి నలువదిమందికి తక్కువ కాకుండ వర్తకులే ఎన్నికై యుండవలెను. వారిలో మూడవవంతు స్త్రీలు. ఏబదియేండ్లకు మించి సాగిన సహజమైన బజారును వారసత్వ బజారుగా ప్రకటింపవలెనని కూడ అందు కలదు. 2013 నాటి భూసేకరణ చట్టము సామాజిక ప్రభావమును పరిశీలించునప్పుడు పురపాలక సంస్థను వార్డుస్థాయిలో సంప్రదింపవలెననియు, ప్రకటన స్థానిక భాషలో నుండవలెననియు చెప్పుచున్నది.

స్థానిక భాష! తెలుగు వీధిలో స్థానిక భాష ఏది? దీనికి సమాధానము వెదకనక్కఱలేదు. భాషాల్పసంఖ్యాకుల రక్షణకై 1956లో కేంద్రప్రభుత్వము వెలువరించిన మెమొరాండమును, 1961 నాటి ముఖ్యమంత్రుల సమావేశ నిర్ణయములను చూడుడు. పురపాలక ప్రాంతములో నూటికి పదునైదు ఇరువదిమంది ఒక భాష మాటలాడువారైనచో ముఖ్యమైన నోటీసులను ఆ భాషలో కూడ ప్రకటింపవలెనని అంగీకారము కలదు. మన సభలలో బడులను గూర్చి, వాచకములను గూర్చి, కవిసమ్మేళనములను గూర్చి తీర్మానములు చేయుచున్నాము; అవి కావలసినవే. కాని వీధి నోటీసు తెలుగులో కావలెనని ఒక్క అర్జీయైన వ్రాసితిమా? ఆ లెక్క తేలుట జనాభా గణనమునుబట్టి యుండును. 2021లో జరుగవలసిన గణనము వాయిదా పడినది. లెక్కలవారు వచ్చి మాతృభాష ఏదని అడిగినప్పుడు "మీరేదో వ్రాసికొనుడు" అనువారు మన యిండ్లలో తక్కువవారు కారు. మా యింటిలోనే ఒకరు కలరు, పేరు చెప్పిన రాత్రి భోజనము దొరకదు.

ఉద్యోగవిరమణ తరువాత మేము చేయుచున్న పని యొకటే. వార్డు కాగితమేదైన వచ్చినదని తెలిసిన, పోయి చదివి, గడువు తేదీని తెలుగులో పెద్ద అక్షరములతో వ్రాసి, మా వీధి చివరి టీ కొట్టు గోడపై అంటించుచున్నాము. మొదటిసారి అంటించినప్పుడు కొట్టు యజమాని "ఇదేమి సినిమా పోస్టరా?" అని నవ్వెను. క్రిందటి మాసము ఆయనయే జిగురుడబ్బా తెచ్చి యిచ్చెను.