బీరువాలో దాఁగిన రౌతు



అశ్వసైనికుఁడనఁగానే మనకు గుఱ్ఱపు డెక్కల చప్పుడును, చేత మెఱయు కత్తియు స్ఫురించును. నేఁడు నేను జెప్పఁబోవు రౌతు మొదటి ప్రపంచయుద్ధమును చాలవఱకు నొక కఱ్ఱబీరువాలోఁ గడపెను.

పాట్రిక్ ఫౌలర్ ఐర్లండు దేశీయుఁడు. ఆ దీవిలో సేద్యపుఁ గూలీలును, పట్టణపుఁ బేదలును ఆంగ్లసైన్యమునఁ జేరుట పరిపాటి. రాజభక్తికంటె నాఁకలియే వారి నెక్కువగా నటు నడపెనని నా యభిప్రాయము. ఫౌలర్ 11వ హుస్సారుల యశ్వదళములోనివాఁడు. 1914 ఆగస్టు 26న ఫ్రాన్సులోని లె కాతో వద్ద జరిగిన పోరులో ఆంగ్లసేన వెనుదీయఁగా, అతఁడు తనవారినుండి విడివడి శత్రువుల నడుమఁ జిక్కెను. నెలల తరబడి యడవులలోఁ దలదాఁచుకొనెను. 1915 జనవరిలో లూయీ బాస్కిన్ అను ఫ్రెంచివాఁ డతనిని జూచి, బెర్త్రీ గ్రామమందలి తన యత్తగారి యింటికిఁ దోడుకొనిపోయెను.

ఆమె పేరు మారీ బెల్మాన్ గోబేర్. ఇంట నామెయు, కూఁతురు ఆంజేలును. వారు ఫౌలరును బీరువాలో నొకప్రక్క దాఁచిరి. దాని యెత్తు ఐదున్నర అడుగులు, లోతు 20 అంగుళములు. అందు నిటారుగా నిలువను వీలులేదు, కాళ్లు చాఁచుకొనను వీలులేదు. ఆ యింటనే జర్మను సైనికులకు బస! వారు గదిలోఁ గూర్చుండి ముచ్చటలాడుచుండఁగా, చెక్కతలుపు వెనుక నితఁ డూపిరి బిగఁబట్టి యుండెను. ఆ యిల్లాలు రెండవప్రక్క తలుపును దెఱచియే యుంచెడిదఁట. తెఱచియున్నదాని నెవరు శంకింతురు?

ఆ దళపువాఁడే యగు హెర్బర్టు హల్ అను కార్పొరల్ అదే గ్రామమున మఱియొక యింట దాఁగియుండెను. ఆ గుట్టు బయటపడఁగా, 1915లో జర్మనులు హల్‌ను గాల్చిచంపిరి. ఆశ్రయమిచ్చిన కార్డన్ గారి యిల్లాలికి 20 ఏండ్ల కఠినశిక్ష విధించిరి. దీనిని బెర్త్రీలో నెఱుఁగనివారు లేరు. అయినను మారీ ఫౌలరును వెడలఁగొట్టలేదు. సైనికునకు జీతమున్నది, ప్రమాణమున్నది. ఈమె నెవరు కట్టిపడవేసిరి? మఱి మూఁడేండ్లు ఇద్దఱికిఁ జాలని రొట్టెను ముగ్గురు పంచుకొనిరి.

1918 అక్టోబరులో ఆంగ్లసేనలు వచ్చినవి. వెలికి వచ్చిన ఫౌలరును స్వపక్షమువారే గూఢచారియని పట్టుకొనిరి! పాత యధికారి యొకఁడు గుర్తించుటచే బ్రదికెను. మారీ సాహసము 1927లోఁ గాని లోకమునకుఁ దెలియలేదు. అప్పటి కామె దారిద్ర్యమున నుండెను. ఆంగ్లేయులు చందాలు వేసి ధనమంపిరి, ప్రభుత్వము బిరుదమిచ్చెను. ఆ యేఁటనే లండనులో ఆమెయు ఫౌలరును మరలఁ గలిసికొనిరి.

బీరువా నేఁడు ఇంగ్లండులోని వించెస్టరు నగరమున, హుస్సారుల ప్రదర్శనశాలలో నున్నది.