సిటిజన్‌షిప్ ఇంటర్వ్యూలో తీసేసిన ఒక ప్రశ్న

ఈ రోజు ఎపిసోడ్ మా పెద్దమ్మ వల్ల వచ్చింది.

మా పెద్దమ్మది భీమవరం దగ్గర పల్లెటూరు. ఇప్పుడు న్యూజెర్సీలో మా అన్నయ్య దగ్గర ఉంటుంది. వయసు 63, గ్రీన్‌కార్డు వచ్చి ఆరేళ్ళు. అమెరికా సిటిజన్‌షిప్‌కి అప్లై చేసింది. ఇంటర్వ్యూకి రెండు నెలల ముందు నుంచి రోజూ నాకు ఫోన్. మనకి రాత్రి తొమ్మిదిన్నర, ఆవిడకి మధ్యాహ్నం పన్నెండు. "ఒరే నాన్నా, అడుగు" అంటుంది. నేను ప్రశ్నలు అడగాలి, ఆవిడ జవాబులు చెప్పాలి. రాజ్యాంగానికి ఎన్ని సవరణలు? 27. సెనేటర్లు ఎంతమంది? 100. టెన్త్ వరకు తెలుగు మీడియంలో చదివిన మనిషి, ఇదంతా ఇంగ్లీషులో చెబుతోంది!

ఒక రోజు మధ్యలో ఆపేసి అడిగింది. "ఒరే, మనోళ్ళలో ఈ ఇంటర్వ్యూకి ముందు ఎవరు వెళ్ళారు? వాళ్ళని ఏం అడిగారు?"

నాకు తెలీదు. బీటెక్‌లో డేటా స్ట్రక్చర్స్ చెప్పారు గానీ ఇది చెప్పలేదు. కూర్చుని చదివాను. చదివాక ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ముందు ఈ ఇంటర్వ్యూ ఏంటో చూద్దాం

గ్రీన్‌కార్డు వచ్చిన ఐదేళ్ళకి, సిటిజన్‌ని పెళ్లి చేసుకుని కలిసి ఉంటే మూడేళ్ళకి, ఎన్-400 అనే ఫారం నింపొచ్చు. వేలిముద్రలు తీసుకుంటారు. తర్వాత ఆఫీసర్ ముందు కూర్చోవాలి. నిజమే చెబుతానని ప్రమాణం చేయించి మొదలుపెడతారు. ఇంగ్లీషులో ఒక వాక్యం చదవాలి, ఒక వాక్యం రాయాలి. మూడేసి ఛాన్సులు ఇస్తారు. సివిక్స్‌లో పాత పద్ధతి ప్రకారం 100 ప్రశ్నల నుంచి 10 అడుగుతారు, 6 సరిగ్గా చెబితే పాస్. 2025 అక్టోబర్ 20 నుంచి అప్లై చేసినవాళ్ళకి 128 ప్రశ్నలు. వాటిలో 20 అడుగుతారు, 12 చెప్పాలి. మా పెద్దమ్మ అంతకుముందే అప్లై చేసింది కాబట్టి పాత పద్ధతి.

అసలు టెన్షన్ సివిక్స్ కాదు. ఆ ఫారంలోని అవును, కాదు ప్రశ్నలు. ఒకేసారి ఇద్దరిని పెళ్లి చేసుకుని ఉన్నారా? కమ్యూనిస్టు పార్టీలో ఎప్పుడైనా ఉన్నారా? దానితో ఏదైనా సంబంధం ఉందా?

ఇక్కడ మా పెద్దమ్మ ఆగిపోయింది. "మీ పెదనాన్న ఎర్రజెండా పార్టీ మీటింగులకి వెళ్ళేవాడు కదరా. ఆ మీటింగులకి టీలు పెట్టింది నేనే. అది లెక్కలోకి వస్తుందంటావా?"

నవ్వొచ్చింది. కానీ ఆవిడ నవ్వట్లేదు. అన్నయ్య లాయర్ని అడిగాడు. ఆవిడ పార్టీ సభ్యురాలు కాదు కదా, అడిగితే ఉన్నది ఉన్నట్టు చెప్పమనండి, ఏదీ దాచొద్దు అన్నారు.

ఫ్రెండ్స్, ఈ ప్రశ్నలు ఎక్కడి నుంచి వచ్చాయో చూస్తే భలే ఉంటుంది. 1901లో ప్రెసిడెంట్ మెకిన్లీని ఒక అనార్కిస్టు కాల్చి చంపాడు. 1906 పౌరసత్వ చట్టంలో అనార్కిస్టులకి నో చెప్పారు. ఒకటి కంటే ఎక్కువ పెళ్లిళ్ళు చేసుకునేవాళ్ళకి కూడా నో. ఇంగ్లీషు మాట్లాడటం తప్పనిసరి అన్నదీ ఆ చట్టమే. రెండో ప్రపంచయుద్ధం అయ్యాక రష్యా భయం మొదలైంది. 1950 చట్టంతో కమ్యూనిస్టులకి తలుపు మూశారు. ఇంగ్లీషు చదవడం, రాయడం, చరిత్ర తెలిసి ఉండటం కూడా ఆ చట్టంతోనే వచ్చాయి. అంటే ఆ ఫారంలో ఒక్కో ప్రశ్న వెనకా ఆ కాలంలో అమెరికా ఎవరిని చూసి భయపడిందో ఉంది. కోడ్‌లో పాత కామెంట్స్ ఎవరూ డిలీట్ చేయరు చూడండి, అలాగ.

కానీ ఒక్క ప్రశ్నని మాత్రం తీసేశారు. 160 ఏళ్ళ పాటు అన్నిటికంటే ముందున్న ప్రశ్న అది. మీరు తెల్లవాళ్ళా?

భగత్ సింగ్ థిండ్: మూడు సార్లు

1790లో అమెరికా మొదటి పౌరసత్వ చట్టం రాసుకుంది. బయటి నుంచి వచ్చి పౌరుడు అవ్వాలంటే బానిస కాని తెల్లజాతి మనిషి అయ్యుండాలి. అంతర్యుద్ధం అయ్యాక 1870లో ఆఫ్రికా మూలాలున్నవాళ్ళని కూడా చేర్చారు. మధ్యలో మిగిలిపోయింది మన ఆసియా వాళ్ళం.

మరి ఇండియన్ తెల్లవాడా, కాదా? చట్టంలో డెఫినిషన్ లేదు. ఏ జడ్జి దగ్గరికి వెళితే ఆ జడ్జి ఇష్టం. ఒక కోర్టు సరే అంటుంది, ఇంకో కోర్టు కుదరదంటుంది. ఒకే ఇన్‌పుట్, ఒక్కో సర్వర్‌లో ఒక్కో అవుట్‌పుట్.

భగత్ సింగ్ థిండ్ పంజాబీ సిక్కు. 1913లో అమెరికా వెళ్ళారు. మొదటి ప్రపంచయుద్ధంలో, 1918లో అమెరికా సైన్యంలో చేరారు. తలపాగాతో, యూనిఫాంలో ఉన్న ఆయన ఫోటో ఇప్పటికీ దొరుకుతుంది. ఆ డిసెంబర్ 9న, యూనిఫాంలో ఉండగానే పౌరసత్వం ఇచ్చారు. నాలుగు రోజులకే వెనక్కి తీసుకున్నారు. కారణం, ఆయన తెల్లవాడు కాదు.

మళ్ళీ ఓరెగాన్‌లో అప్లై చేశారు. 1920లో అక్కడి జడ్జి ఇచ్చారు. ఈసారి ప్రభుత్వం పైకోర్టుకి వెళ్ళింది. కేసు సుప్రీంకోర్టు దాకా పోయింది.

ఇక్కడ ఒక చేదు విషయం చెప్పాలి. థిండ్ తరఫు వాదన ఏంటంటే, ఈయన పై కులం మనిషి, ఆర్యుడు, కాబట్టి కాకేషియన్, కాబట్టి తెల్లవాడే. మా పై కులాలు కింది కులాలతో పెళ్లి సంబంధాలు కలుపుకోవు కాబట్టి మా రక్తం కలవలేదు అన్నారు. అంటే మన దగ్గరి కుల వివక్షని అక్కడ క్యారెక్టర్ సర్టిఫికెట్ లాగా చూపించారు. తనకి అన్యాయం చేస్తున్న గీతని చెరపమని అడగలేదు, తనని గీతకి అవతలి వైపు నిలబెట్టమని అడిగారు. ఆ చట్టం కింద వేరే దారి లేదు, నిజమే. కానీ చదువుతుంటే నాకు సిగ్గేసింది.

ఆ వాదన పని చేసిందా? లేదు.

అంతకు మూడు నెలల ముందే, 1922 నవంబర్‌లో, టకావ్ ఒజావా అనే జపనీస్ వ్యక్తి కేసులో అదే కోర్టు తీర్పు చెప్పింది. తెల్లవాడంటే కాకేషియన్ జాతి, చర్మం రంగు కాదు, జపనీస్ కాకేషియన్ కాదు కాబట్టి కుదరదు అంది. థిండ్ వచ్చి, శాస్త్రవేత్తల లెక్కలో నేను కాకేషియన్‌నే కదా అన్నారు. 1923 ఫిబ్రవరి 19న జడ్జీలందరూ ఒకే మాట మీద చెప్పారు. సైన్స్ లెక్క కాదు, మామూలు మనిషి దృష్టిలో తెల్లవాడు ఎవరో అదే లెక్క. రెండు తీర్పులూ రాసింది జస్టిస్ జార్జ్ సదర్లాండ్. ఆయన పుట్టింది ఇంగ్లండ్‌లో. ఆయనా బయటి నుంచి వచ్చినవాడే!

టెస్ట్ పాస్ అయ్యాక పాస్ మార్కుల రూల్ మార్చడం అంటే ఇదే, ఫ్రెండ్స్.

ఇచ్చిన కాగితం వెనక్కి

ఆ తీర్పుతో ఆగలేదు. అప్పటికే పౌరసత్వం వచ్చిన ఇండియన్ల మీద ప్రభుత్వం ఒక్కొక్కటిగా రద్దు కేసులు వేసింది. పదుల మంది పోగొట్టుకున్నారు.

వైష్ణో దాస్ బగాయ్ అని ఒకాయన. 1915లో భార్య కళ, ముగ్గురు కొడుకులతో శాన్‌ఫ్రాన్సిస్కో వచ్చారు. షాపు పెట్టుకున్నారు, 1921లో పౌరుడయ్యారు. రద్దు తర్వాత, పౌరసత్వానికి అర్హత లేనివాళ్ళు భూములు కొనకూడదనే కాలిఫోర్నియా చట్టం ఆయన మీద పడింది. ఆస్తి చేజారింది. ఇండియా వచ్చి చుట్టాలని చూసి వెళ్దామంటే అమెరికా పాస్‌పోర్టు ఇవ్వలేదు, బ్రిటిష్ పాస్‌పోర్టు తీసుకోమన్నారు. బ్రిటిష్ పాలన వద్దనుకునే దేశం వదిలి వచ్చిన మనిషి ఆయన. 1928లో తన ప్రాణం తానే తీసుకున్నారు. రాసి పెట్టిన ఉత్తరాన్ని అక్కడి పేపర్ అచ్చు వేసింది. ఇక్కడే బతుకుదామని ఇల్లూ వ్యాపారం పెట్టుకున్నాను, ఇప్పుడు నన్ను ఎటూ కాకుండా చేశారు అన్నది దాని సారాంశం.

కళ బగాయ్ పిల్లల్ని పెంచారు, తర్వాత అమెరికా పౌరురాలు అయ్యారు. ఒకప్పుడు బర్క్‌లీలో ఇల్లు కొంటే పక్కింటివాళ్ళు వాళ్ళ కుటుంబాన్ని లోపలికి రానివ్వలేదు. ఈ రోజు అదే బర్క్‌లీలో ఒక వీధికి ఆవిడ పేరు ఉంది.

ఈ రద్దు కేసుల్ని ఆపింది కూడా మనవాడే. సఖారాం గణేశ్ పండిట్, థిండ్ కేసు వాదించిన లాయరు. ఆయన పౌరసత్వం మీద కూడా కేసు వేశారు. "1914లో మీరే ఇచ్చారు. దాన్ని నమ్మి నేను లాయరునయ్యాను, ఆస్తి కొన్నాను, పెళ్లి చేసుకున్నాను. ఇప్పుడు వెనక్కి తీసుకోవడం అన్యాయం" అన్నది ఆయన వాదన. 1926లో అప్పీల్ కోర్టు ఒప్పుకుంది. 1927లో సుప్రీంకోర్టు ప్రభుత్వం అప్పీలు విననంది. ఆ తర్వాత మిగతా కేసులు ఆగిపోయాయి.

థిండ్ సంగతి? యుద్ధంలో పనిచేసిన ఆసియా వాళ్ళకి 1935లో ప్రత్యేక చట్టం వచ్చింది. 1936లో ఆయనకి మూడోసారి పౌరసత్వం వచ్చింది. ఈసారి నిలబడింది.

మన భీమవరం మనిషి

ఇది చెబుతుంటే పెద్దమ్మ అడిగింది, "మన వైపు వాళ్ళు ఎవరూ లేరా?"

ఉన్నారు. ఎల్లాప్రగడ సుబ్బారావు గారు. 1895లో భీమవరంలో పుట్టారు. ఆ 1920లలోనే అమెరికా వెళ్ళారు, అంటే సరిగ్గా ఈ గొడవ నడుస్తున్న రోజుల్లో. హార్వర్డ్‌లో, తర్వాత లెడర్లే ల్యాబ్స్‌లో పనిచేశారు. ఫోలిక్ యాసిడ్ తయారీ, క్యాన్సర్ చికిత్సకి వాడే మెథోట్రెక్సేట్ వెనక ఆయన టీమ్ పని ఉంది. అంత పని చేసిన మనిషి 1946 వరకు ఆ ఇంటర్వ్యూకి వెళ్ళినా, ఎన్ని జవాబులు చెప్పినా చట్టం ప్రకారం ఫెయిలే.

1946 జూలై 2న ప్రెసిడెంట్ ట్రూమన్ లూస్-సెల్లర్ చట్టం మీద సంతకం పెట్టారు. ఇండియన్లకి పౌరసత్వం హక్కు వచ్చింది. వలస కోటా మాత్రం ఏడాదికి 100 మంది. సుబ్బారావు గారు అమెరికా పౌరుడు కాకుండానే 1948లో కన్నుమూశారు. దలీప్ సింగ్ సౌంద్ 1949లో పౌరుడయ్యారు, 1956లో అమెరికా కాంగ్రెస్‌కి ఎన్నికయ్యారు. 1952 చట్టంతో రంగు ప్రశ్న అందరికీ పోయింది. 1965లో దేశాల వారీ పాత కోటాలు పోయాయి. అయితే గ్రీన్‌కార్డు క్యూలో ఒక్కో దేశానికి 7 శాతం పరిమితి ఉంది. ఆ క్యూలో ఉన్నవాళ్ళు ఈ వీడియో చూస్తూనే ఉంటారు, వాళ్ళకి నేను చెప్పక్కర్లేదు.

పెద్దమ్మ ఇంటర్వ్యూ

అంతా విని ఆవిడ ఒకటే అడిగింది. "అయితే పాస్ అయినా రేపు తీసేసుకుంటారా?"

ఇప్పటి చట్టం ప్రకారం అధికారి ఇష్టం వచ్చినట్టు తీసుకోవడం కుదరదు. ప్రభుత్వం కోర్టుకి వెళ్ళాలి, అర్హత లేకుండా గానీ మోసంతో గానీ, ముఖ్యమైన విషయం దాచి గానీ తెచ్చుకున్నారని గట్టిగా నిరూపించాలి. ఆ గట్టి రుజువు అన్న మాటని సుప్రీంకోర్టు 1943లో చెప్పింది. ఎవరి కేసులో తెలుసా? విలియం ష్నైడర్‌మన్ అనే కమ్యూనిస్టు పార్టీ నాయకుడి కేసులో!

అందుకే పెద్దమ్మకి చెప్పాను, "నువ్వు టీ సంగతి దాచకు. అడిగితే చెప్పెయ్."

ఇంటర్వ్యూ రోజు ఆఫీసర్ ఆ ప్రశ్న అడిగారు. ఆవిడ చెప్పేసింది. ఆయన విన్నారు, ఏదో టైప్ చేసుకున్నారు, తర్వాత ప్రశ్నకి వెళ్ళారు. సివిక్స్‌లో మొదటి ఆరూ కరెక్ట్, అక్కడితో ఆపేశారు. పాస్. మార్టిన్ లూథర్ కింగ్ ఏం చేశారు అన్న ప్రశ్న కూడా వచ్చిందట. థిండ్ పేరు, బగాయ్ పేరు మాత్రం ఆ లిస్టులో లేవు.

ప్రమాణం రోజు పాత దేశం మీద విధేయత వదులుకుంటున్నానని చెప్పాలి. ఇండియా రెండు పౌరసత్వాలు ఒప్పుకోదు కాబట్టి మన పాస్‌పోర్టు సరెండర్ చేయాలి, కావాలంటే ఓసీఐ కార్డు తీసుకోవచ్చు. కొత్త పాస్‌పోర్టు వచ్చిన రోజు ఆవిడ వీడియో కాల్ చేసింది. రెండూ పక్కపక్కన పెట్టి చూపించింది. పాతదాంట్లో పుట్టిన చోటు భీమవరం అని ఉంది. కొత్తదాంట్లో ఇండియా అని మాత్రమే ఉంది.

"ఊరు తీసేశార్రా" అంది. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "సర్లే, దేశమైనా ఉంచారు" అని ఫోన్ పెట్టేసింది.

మీ ఇంట్లో ఎవరైనా ఈ ఇంటర్వ్యూకి ప్రిపేర్ అవుతుంటే ఈ ఎపిసోడ్ పంపించండి. వాళ్ళని ఏం అడిగారో కామెంట్స్‌లో రాయండి, నేను చదువుతాను. మళ్ళీ వచ్చే వారం కలుద్దాం. ఉంటాను మరి.