తుంగాభద్రల నీరు

పడమటి కనుమలలో, కుదురేముఖ శిఖరమునకు చేరువ, వరాహపర్వతమునందలి గంగామూలయను చోట మూడు నదులు జన్మించుచున్నవి. అందు నేత్రావతి పడమరకు జారి మంగళూరు చెంత సముద్రమును జేరగా, తుంగాభద్రలు రెండును తూర్పుమొగమై వేర్వేరు లోయల వెంట నడచి, శివమొగ్గకు దిగువనున్న కూడలి క్షేత్రమున సంగమించి, తుంగభద్రయను ఏకనామమున మంత్రాలయమునకును కర్నూలునకును వచ్చుచున్నవి. గంగలో స్నానము, తుంగలో పానము అని పెద్దలందురు. ఒక్క కొండకు పుట్టిన యిద్దరిలో ఒకతె నీటికే ఆ ఖ్యాతి యేల దక్కినదో విచారింపదగియున్నది.

పుట్టుకలో భేదము స్వల్పము. ఏటికి ఇంచుమించు 7,000 మిల్లీమీటర్ల వర్షము కురియు ఆ సీమలో, అతిప్రాచీనములైన కఠినశిలలపై పరువెత్తు నీరు లవణములను అంతగా కరగించుకొనజాలదు గనుక నాలుకకు తేలికగా నుండును. షోలా అడవుల నీడ దానిని చల్లబరచును. రాతినుండి రాతికి దుముకుటచే ప్రాణవాయువు దానియందు సమృద్ధమగును. 20 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద లీటరు నీటిలో సుమారు 9 మిల్లీగ్రాముల ప్రాణవాయువు ఇముడగా, 30 డిగ్రీలకు అది ఏడున్నరకు దిగును. తుంగ యొడ్డునున్న శృంగేరి స్నానఘట్టమున యాత్రికులు వేయు మరమరాలకై గుంపులు గట్టు పెద్దచేపలకు అచ్చటి మఠము వారి అభయముతోపాటు ఈ చల్లదనమును అండయే.

భద్రకు అట్టి అండ చాలలేదు. దాని పరివాహమున ఇనుమున్నది. పూర్వము బెంకిపురమనబడిన భద్రావతిలో మైసూరు సంస్థానము వారు స్థాపించిన ఇనుప కర్మాగారము 1923లో పని ప్రారంభించి, కెమ్మణ్ణుగుండి ఖనిజమును మలెనాటి అడవుల బొగ్గుతో కరగించినది. అనగా ఏటికి నీడనిచ్చు చెట్లే కొలిమి పాలైనవి. పిదప 1936లో కాగితపు మిల్లు నెలకొన్నది. భద్రపై కట్టిన లక్కవళ్లి ఆనకట్ట కొంతమేర ప్రవాహమును నిలువనీరు గావించినది. తలాపుననే 1976లో కుదురేముఖ ఇనుప ఖనిజ సంస్థ యేర్పడి, కొండను పిండిగొట్టి, ఆ బురదను గొట్టముల ద్వారా మంగళూరునకు పంపి, మిగిలిన ఒండ్రును లక్యా వాగుపై కట్టిన ఆనకట్ట వెనుక నిలిపినది. వానకు జారివచ్చు అట్టి సన్నని పొడి విషము గాకున్నను, గులకరాళ్ల సందులను పూడ్చివేయును. పురుగుల పిల్లలు బ్రతుకునదియు, చేపలు గ్రుడ్లు పెట్టునదియు ఆ సందులలోనే. సుప్రీంకోర్టు ఉత్తరువున 2005 ముగియునప్పటికి త్రవ్వకము ఆగినది.

కావున భద్రకు నేడు కనబడు కొరతలో మనుష్యుని పాలు గణనీయము. నానుడి మాత్రము కర్మాగారముకన్న ముసలిది గనుక దాని పుట్టుకకు ఈ కొరత కారణము కాజాలదు. అట్లని తుంగను నిర్దోషి యనరాదు. శివమొగ్గ పట్టణపు మురుగును మోసికొనియే అది కూడలిని జేరుచున్నది. తుంగాపానము కోరువారు శృంగేరిలోనే ఆ ముచ్చట తీర్చుకొనుట మేలు.