తలారి, వేగులవాడు, డిటెక్టివు

ఒకరి సంగతిని వారికి తెలియకుండ ఆరా తీయుటకై సొమ్మిచ్చి మఱియొకరిని నియమించుకొనుట తగునా? తగునన్నచో ఏ మేరకు తగును? ఈ ప్రశ్న పట్నవాసులకే గాని పల్లెవారికి పుట్టదని చాలకాలము అనుకొనెడివారము. ఇప్పుడది పెద్దకొడప్‌గల్ వంటి చోట్లను వినవచ్చుచున్నది. పిల్లనీయబోవు తండ్రి, అప్పు తీసికొని కనబడకుండ పోయినవానిని వెదకు వర్తకుడు, పొత్తువ్యాపారమున మోసము జరుగుచున్నదని శంకించు భాగస్వామి, “డిటెక్టివును పెట్టుకొందుమా?” అని ఆలోచించుచున్నారు. ఆ వృత్తి ఎట్లు పుట్టినదో తెలిసికొన్నచో ఆ యాలోచనకు దారి దొరకునని నా నమ్మకము. కావున ఆ చరిత్రను మీకు కొంత వినిపించెదను.

పెద్దకొడప్‌గల్ కామారెడ్డి జిల్లాకు పడమటి భాగమున నున్నది. 2016వ సంవత్సరమున జిల్లా ఏర్పడినపుడే ఇదియు మండలకేంద్రమైనది. మహారాష్ట్రమును, కర్ణాటకమును దీనికి సమీపము. 1956 వఱకు నిజామాబాదు, బీదరు, నాందేడు జిల్లాలు మూడును హైదరాబాదు రాష్ట్రములోనివే. పిమ్మట మ్యాపుమీద గీతలు పడినవి గాని చుట్టరికములు తెగలేదు. దెగ్లూరు నుండి కోడలిని తెచ్చుకొనుట, ఔరాదునకు పిల్లనిచ్చుట ఇచ్చటివారికి వింత గాదు.

అట్టి సంబంధములకు ముందు విచారణ లేకపోలేదు. సంతకు వచ్చిన ఆ యూరివారి నడిగెడివారు. ఆ యూరికిచ్చిన మేనత్తకు కబురంపెడివారు. పిమ్మట నలుగురు పెద్దలు పోయి ఇల్లును, పొలమును, గొడ్డుగోదను చూచివచ్చెడివారు. ఇందులో దాపరికము లేదు. తమ్ము చూడవచ్చినారని అవతలివారికి తెలియును. తప్పుడు మాట చెప్పిన మేనత్తకు మరల పుట్టింటి గడప త్రొక్కుట కష్టము. చెప్పినవారు తమ మాటకు పూచీపడి యుండుటయే ఆ విచారణకు బలము.

దొంగతనముల విషయమునను ఇదియే న్యాయము. మన ప్రాంతమునకు పడమట నున్న కల్యాణనగరము, అనగా నేటి బసవకల్యాణము, ఆరవ విక్రమాదిత్యుడను చాళుక్యరాజునకు రాజధాని. ఆయన కాలమున అచ్చట విజ్ఞానేశ్వరుడు యాజ్ఞవల్క్యస్మృతికి మితాక్షర యను వ్యాఖ్యను రచించెను. పదమూడవ శతాబ్దమున కేతన ఆ ధర్మశాస్త్రమును తెలుగు పద్యములలోనికి తెచ్చెను. దొంగ అడుగుజాడ పొలిమేర దాటిపోయినట్లు చూపలేనిచో ఆ యూరివారే నష్టమునకు బాధ్యులనియు, జాడ ఏ యూరికి పోయిన ఆ యూరికి బాధ్యత పోవుననియు స్మృతికారుని నిర్ణయము. జాడ తీయుట యెంత ముఖ్యమో, తీసినవాడు దానికి జవాబుదారియై యుండుట అంత ముఖ్యమన్నమాట.

ఆ పని చేసినవాడు తలారి. 1812లో ఇంగ్లండు పార్లమెంటు సంఘము ప్రకటించిన ఐదవ నివేదికలో మద్రాసు ప్రాంతపు గ్రామోద్యోగుల పనులు వర్ణింపబడినవి. నేరముల సమాచారము సేకరించుటయు, ఊరినుండి ఊరికి పోవు బాటసారులకు తోడు వచ్చుటయు తలారి పనులని అందున్నది. నిజాము రాజ్యమున పోలీసు పటేలు, మాలీ పటేలు, పట్వారీ అను వతనుదారులును, వారి క్రింద సేత్‌సింధీలును ఉండిరి. ఈ యేర్పాటున అన్యాయము లేదని నేననను. ఊరి గుట్టు చేతనున్నవాడు దానిని పేదలపై ప్రయోగించుట కలదు. 1984లో పటేలు పట్వారీ ఉద్యోగములు రద్దయినపుడు పెక్కుమంది సంతోషించుటకు కారణ మదియే. ఇతరుల సంగతులు తెలిసినవాడు మంచివాడైనను కాకున్నను, బలవంతుడగుట తప్పదు.

తలారి ఊరి మనిషి. వేగులవాడు రాజు మనిషి. 1905లో మైసూరున శామశాస్త్రిగారి చేతికి దొరకి, 1909లో అచ్చయిన కౌటిల్యుని అర్థశాస్త్రమున గూఢచారుల విభాగములు విపులముగా నున్నవి. శిష్యుడు, సన్న్యాసి, గృహస్థుడు, వర్తకుడు, తాపసి మొదలగు వేషములలో వారు తిరుగుదురు. అందొక నియమము మనము నేడును గ్రహింపదగినది: ఒక్క వేగువాని మాట నమ్మరాదు; ఒకరినొకరు ఎఱుగని ముగ్గురి మాటలు ఏకమైనపుడే దానిని సత్యమని తలపవలెను. చారులపై అంతగా ఆధారపడిన రాజనీతియే చారుని మాటను అంతగా శంకించినది!

సొమ్మిచ్చిన యెవరికైనను పనిచేయు పరిశోధకుడు యూరపునుండి వచ్చినవాడు. పారిసులో విదోక్ అనువాడు తొలుత ఖైదీ, పిమ్మట పోలీసు పరిశోధకశాఖకు నాయకుడు, తుదకు 1833లో సమాచార కార్యాలయమును తెఱచి వర్తకులకు మోసగాండ్ర వివరములు అమ్మినవాడు. అమెరికాలో 1850 ప్రాంతమున అలన్ పింకర్టన్ షికాగోలో సంస్థను స్థాపించి రైలు కంపెనీలకు దొంగలను పట్టి యిచ్చెను. 1856లో కేట్ వార్న్ అను స్త్రీని గూడ పనిలో చేర్చుకొనెను. అయితే 1892లో హోంస్టెడ్ ఉక్కు కర్మాగారమున సమ్మెకట్టిన కూలీలపైకి యజమానులు పంపినదియు ఆ సంస్థ మనుష్యులనే. కాల్పులలో ఇరుపక్షములవారును మడిసిరి. మఱుసటి సంవత్సరమే అట్టి సంస్థల వారిని ప్రభుత్వము కొలువునకు తీసికొనరాదని అమెరికా శాసనము చేసినది. కూలికి చూచు కన్ను కూలికి కొట్టు చేయియగుటకు ఎక్కువ కాలము పట్టలేదు.

మన దేశమున కావలి మనుష్యుల నిచ్చు సంస్థలకు 2005 నాటి చట్టము ప్రకారము లైసెన్సు కావలెను. డిటెక్టివు సంస్థలకై 2007లో రాజ్యసభలో ఒక బిల్లు ప్రవేశపెట్టబడినది గాని చట్టము కాలేదు. కావున బోర్డు కట్టుకొన్నంత మాత్రమున ఒకనికి యోగ్యత యున్నదని తలపరాదు. ఇంటిని సోదా చేయుటకు గాని, టెలిఫోను లెక్కలు తెప్పించుటకు గాని పోలీసుల కున్న యధికారము వానికి లేదు. అక్రమముగా టెలిఫోను వివరములు సంపాదించి అమ్మినారని 2018లో ఠాణా పోలీసులు పలువురు డిటెక్టివులను నిర్బంధించిరి. ఒక పురుషుడు స్త్రీని ఆమె అయిష్టమును లెక్కింపక మాటిమాటికి వెంటాడుట, ఆమె ఇంటర్నెట్టు సందేశములను కనిపెట్టుచుండుట, 2024 జూలైనుండి అమలులోనున్న భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షను క్రింద నేరము.

న్యాయస్థానములును ఈ చిక్కును విప్పుటకు యత్నించుచున్నవి. అమెరికాలో భార్య ఇతరులతో మాటాడిన మాటలను ఆమెకు తెలియకుండ పట్టియుంచిన భర్త చర్య ఆమె ఏకాంతహక్కునకు భంగమని 2007 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు తీర్పు చెప్పెను. 2017లో పుట్టస్వామి వ్యాజ్యమున సుప్రీంకోర్టు ఏకాంతమును ప్రాథమికహక్కుగా ప్రకటించెను. 2025 జూలై 14న అదే కోర్టు, దంపతుల వివాదములలో ఒకరు రెండవవారితో జరిపిన సంభాషణను రహస్యముగా పట్టియుంచినను సాక్ష్యముగా తీసికొనవచ్చునని నిర్ణయించెను. ఇది దంపతులు తమలో తాము మాటాడుకొనిన దానికి చెందిన తీర్పు. పరాయివాడు గోడచాటున వినుటకు అనుజ్ఞ గాదు.

ఇక మన ప్రశ్నకు వత్తము. కామారెడ్డి, నిజామాబాదు జిల్లాలనుండి వేలమంది గల్ఫు దేశములకు పోయినారు. దుబాయిలోనో మస్కట్టులోనో నున్న వరునిగూర్చి ఏ మేనత్త నడుగవలెను? కొంతకాలము క్రిందట మా ప్రాంతపు గృహస్థుడొకడు ఇట్టి చిక్కుతోనే నన్ను సలహా యడిగెను. పట్నములోని ఒక సంస్థవారు వరుని టెలిఫోను లెక్కలు సైతము తెచ్చి యిత్తుమనిరట. “అది మాత్రము వలదు, మొదట నీకు తెలియవలసిన దేమో కాగితముపై వ్రాయుము” అంటిని. ఆయన మూడు ప్రశ్నలు వ్రాసెను: ఉద్యోగము నిజమేనా? జీతమెంత? ఇంతకుముందు పెండ్లి అయినదా? “వీనిలో ఏది ఆ యబ్బాయినే యడుగరానిది?” అని ప్రశ్నించితిని. ఆయన టెలిఫోనులో మర్యాదగా నడిగినాడు. అబ్బాయి తన నియామకపత్రమును, నివాసానుమతి కాగితములను పంపినాడు. జీతము మధ్యవర్తి చెప్పినదానికంటె తక్కువ. కాని అబద్ధమాడినవాడు మధ్యవర్తి, వరుడు గాదు. చాటున తెచ్చిన నివేదికలో జీతము తక్కువయని మాత్రము వ్రాసియుండును. అబద్ధ మెవరిదో తెలిసియుండదు. మూడవ ప్రశ్నకు ఆ యబ్బాయితో ఒకే గదిలో నుండిన ఇద్దరు మన జిల్లావారిని వేర్వేఱుగా విచారించిరి. డిటెక్టివు అవసరము లేకపోయినది.

అన్నివేళల ఇట్లు జరుగునని నేను చెప్పను. అవతలివారు కాగితములు చూపనన్నపుడు, చూపినవి పొంతన లేనపుడు, ఆడుబిడ్డ బ్రదుకో జీవితమంతటి కష్టార్జితమో దానిపై నున్నపుడు, పరిశోధకుని కుదుర్చుకొనుట తప్పు గాదు. ముందు బహిరంగముగా దొరకునవి చూడవలెను. వ్యాజ్యములున్నవేమో ఈ-కోర్టుల జాలస్థలమున పేరుతో వెదకవచ్చును. తెలంగాణ భూముల వివరములు 2025 నుండి భూభారతిలో నున్నవి. అటుపిమ్మట పరిశోధకునితో వ్రాతమూలకమైన ఒప్పందము చేసికొనవలెను. అడుగు ప్రశ్న ఒకటో రెండో, స్పష్టముగా నుండవలెను. “ఆమెను గూర్చి అంతయు తెలిసికొని రండి” అనుట ప్రశ్న గాదు, పగ. సొమ్ము దఫాలుగా నీయవలెను. ఏ తేదీన, ఎక్కడ, ఎవరివలన తెలిసినదో నివేదికలో నుండవలెను. చట్టవిరుద్ధమైన పనికి పూనుకొందుననువానిని ఆ క్షణమే విడువవలెను. నేడు మీకై పరుల గుట్టు దొంగిలించువాడు రేపు మీ గుట్టును పరులకు అమ్మును. తుదకు, వచ్చిన నివేదికను కౌటిల్యుని కొలతతో తూచి, ఎవరిని గూర్చి వ్రాసినారో వారికి జవాబు చెప్పుకొను అవకాశమిచ్చిన పిమ్మటనే నిర్ణయింపవలెను.

తలారి తప్పుచేసిన ఊరు నిలదీసెడిది. డిటెక్టివును నిలదీయుటకు ఊరు లేదు, ప్రత్యేకచట్టమును లేదు, నియమించినవాడొక్కడే యున్నాడు. కావున వాడు తీయు జాడ ఎచ్చటికి పోయినను, దానికి జవాబుదారి మనమే.