గోమాంస నిషేధం - అల్ బిరూనీ విచారణ

హిందువులు గోవును ఎందుకు వధించరు? ఈ ప్రశ్నకు హిందువుల నోటనే జవాబులు విని, వాటిని అరబ్బీలో నమోదు చేసిన పండితుడు అబూ రైహాన్ అల్ బిరూనీ. క్రీ.శ. 973లో ఖ్వారిజ్మ్‌లో జన్మించిన ఆయన సంస్కృతం అభ్యసించి, క్రీ.శ. 1030 (హి. 421) ప్రాంతంలో 'కితాబుల్ హింద్' రచించారు. సుల్తాన్ మహ్మూద్ దండయాత్రల వల్ల హిందువుల మనసుల్లో ముస్లిముల పట్ల విముఖత నాటుకుపోయిందని దాపరికం లేకుండా వ్రాసినదీ ఆయనే.

ఆహార విధినిషేధాలకు ఆ గ్రంథంలో ఒక ప్రత్యేక ప్రకరణం ఉన్నది. మూలంలో ప్రాణివధ యావత్తూ హిందువులకు నిషిద్ధమేననీ, కాని మాంసంపై కోరిక మనిషిని ఏ ఆజ్ఞకూ లోబడనీయదు గనుక ఆ కట్టుబాటు ధర్మరక్షకులైన బ్రాహ్మణులకే పరిమితమైనదనీ ఆయన వివరణ. గొర్రె, మేక, జింక, కుందేలు, చేప వంటివి అనుమతం. ఆవుతోపాటు గుర్రం, గాడిద, ఒంటె, ఏనుగు నిషిద్ధం. పెంపుడు కోడి, గుడ్లు సైతం! అనుమతమైన జంతువును గొంతు బిగించి చంపుతారని కూడా వ్రాశారు. అలా చంపిన జంతువు ముస్లిములకు హరామ్ అని అల్ మాయిదా సూరా 3వ ఆయతు చెబుతున్నది. అయినా బిరూనీ కలం అక్కడ దూషణకు దిగలేదు.

గోవు విషయంలో ఆయనకు ఒకే జవాబు దొరకలేదు. భరతునికి పూర్వం గోమాంసం అనుమతమేననీ, యాగాలలో గోవధ జరిగేదనీ, తరువాతి మనుషులు తమ విధులు నిర్వర్తించలేని బలహీనులు కావడంతో నిషేధం వచ్చిందనీ కొందరన్నారు.  మనుస్మృతి 5వ అధ్యాయంలోనూ యజ్ఞార్థమైన పశువధకు అనుమతీ, మాంసం మానినవారికి ప్రశంసా రెండూ కనిపిస్తాయి. ఉష్ణదేశంలో జీర్ణశక్తి మందమనీ, అందుకే భోజనానంతరం తాంబూలం వేసుకుంటారనీ, అరగని గోమాంసం బ్రాహ్మణులను బాధించిందనీ మరికొందరు చెప్పారు.

ఈ ఆచారం పుట్టుకను గూర్చి తాను రెండు అభిప్రాయాల మధ్య ఊగిసలాడుతున్నానని బిరూనీ ఒప్పుకున్నారు. ఆ రెంటిలో మనకు స్పష్టంగా అందుతున్నది ఆర్థిక కారణం. గోజాతి బరువులు మోస్తుంది, పొలం దున్నుతుంది, ఇంటికి పాలిస్తుంది, పేడ సైతం పనికొస్తుంది, అందుకే నిషేధించారు. దీనికి ఆయన చూపిన ఉదాహరణ ముస్లిముల చరిత్రలోనిదే. ఇరాక్‌లోని సవాద్ ప్రాంతం బీడువారిపోతున్నదని ప్రజలు మొరపెట్టుకున్నప్పుడు, 694 నుండి 714 వరకు అక్కడ ఉమయ్యా గవర్నరుగా ఉన్న హజ్జాజ్ కూడా గోమాంసాన్ని నిషేధించాడని వ్రాశారు.